గుడీ సముద్రమూ ఒకే నది మీద: పాఠకుల ప్రశ్నలకు బరంపురం మాస్టారి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ప్రయాణాల గురించే. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల మన తెలుగువాళ్ళు, పక్కనే శ్రీకాకుళం వాళ్ళు, ఉద్యోగాలకని దూరం వెళ్ళిన పిల్లలు రాశారు. ఒకేలా ఉన్నవాటిని కలిపి అయిదు ప్రశ్నలు చేశాను.

ప్రశ్న: మాస్టారూ, మాది గుణుపురం. మా అమ్మకు డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. శ్రీముఖలింగం చూడాలనీ, ఒక్కసారి సముద్రంలో కాళ్ళు తడుపుకోవాలనీ ఆవిడ కోరిక. మాకు రెండు రోజులు వీలవుతుంది. మా మరిది మాత్రం బండి మాట్లాడి ముఖలింగం, అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం, బారువ అన్నీ ఒకే రోజులో తిప్పేస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మరిదిగారి మనసు మంచిదమ్మా, కానీ ఆ జాబితాలో సగం కొట్టేయండి. ఒక రోజులో ఆరు చోట్లంటే అమ్మ చూసేది బండి కిటికీనే. గుడి దగ్గర దిగి, చెప్పులు విప్పి, వరుసలో నిలబడి, మళ్ళీ బండెక్కేసరికి ఆవిడకు ఓపిక అయిపోతుంది. ఇంక సముద్రం దగ్గర దిగనే దిగదు.

మీ ఊరి పక్కన పారే వంశధారనే పట్టుకోండి. ఆ నది మీ గుణుపురం దాటి, కాశీనగర్ మీదుగా హిరమండలం వైపు దిగుతుంది. దాని ఎడమ గట్టున ముఖలింగం ఉంది. ఇంకా కిందికి వెళ్తే కుడి గట్టున శాలిహుండం కొండ. ఆ తర్వాత కళింగపట్నం దగ్గర మొగ, అంటే నది సముద్రంలో కలిసే చోటు. మీ రెండు రోజులకు ఈ మూడు చోట్లు చాలు. మధ్యలో ఎటూ తిరగాల్సిన పని లేదు.

మొదటి రోజు మొత్తం ముఖలింగానికే ఇవ్వండి. పొద్దున్నే చేరుకుంటే ఏటవాలు ఎండలో రాతి చెక్కడాలు తేలి కనిపిస్తాయి, మిట్టమధ్యాహ్నం అయితే అన్నీ చదునైపోతాయి. అక్కడ గుళ్ళు మూడు: మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు. అందరూ నేరుగా మధుకేశ్వరుడి దగ్గరికి వెళ్ళి దణ్ణం పెట్టుకుని వెనక్కి వచ్చేస్తారు. మీరు మాత్రం ఊరి మొదట్లో ఉన్న సోమేశ్వరాలయం దగ్గర ఆగండి. దానికి ముందు పెద్ద మండపాలేమీ లేవు. గర్భగుడి, పైన శిఖరం, అంతే. కాబట్టి అమ్మ ఎక్కువ నడవకుండానే చుట్టూ చూడగలదు. ఆ శిఖరం ఒంపు చూడగానే మీకు భువనేశ్వర్ గుళ్ళు గుర్తొస్తాయి. అది మామూలే, ఈ పద్ధతి ఆ పాత కళింగ శిల్పులదే.

ఇప్పుడు చిన్న పల్లెటూరిలా కనిపించే ఆ చోటే తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం అని చరిత్రకారులు తేల్చారు. పూరీ జగన్నాథుడి పెద్ద గుడి కట్టడం మొదలుపెట్టించిన అనంతవర్మ చోడగంగు ఈ వంశంవాడే. ఆయన కాలంలోనే రాజధాని కటకానికి (ఇప్పటి కటక్) తరలిపోయింది. అమ్మకు ఈ మాట చెప్పండి: పూరీ వెళ్ళినవాళ్ళంతా చూసేది ముఖలింగంలో మొదలైన పనే. శివరాత్రికి ఇక్కడికి మీ ఒడిశా వైపు నుంచి జనం పోటెత్తి వస్తారు కాబట్టి మోకాళ్ళ నొప్పులున్న మనిషితో ఆ రోజుల్లో మాత్రం వద్దు.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. ఈ గోడల మీది శాసనాలను శ్రద్ధగా చదివినవారిలో మన గిడుగు రామమూర్తిగారు ఒకరు. 1863లో ఆ దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేస్తూ, పాత లిపులు తనంతట తాను నేర్చుకున్నారు. సవరల భాష కూడా అలాగే నేర్చుకున్నారు. శాలిహుండంలో బౌద్ధ శిథిలాలు ఉన్నాయని 1919లో బయటపెట్టింది కూడా ఆయనే. వాడుక భాష ఉద్యమం పేరుతో ఆయన్ని తలుచుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఈ కొండా ఈ గుడీ ఆయన కష్టంతో మన ముందుకు వచ్చాయని తెలిసినవాళ్ళు తక్కువ. అందుకే వీలున్నప్పుడల్లా చెబుతుంటాను.

రాత్రికి శ్రీకాకుళంలో ఆగండి. రెండో రోజు పొద్దున శాలిహుండం. కొండ ఎక్కాలి కాబట్టి అమ్మను బలవంతపెట్టకండి, వంతులవారీగా ఒకరు కింద ఆవిడతో ఉండండి. పైన ఇటుకల స్తూపాల పునాదులు ఉంటాయి, ఒకటి అచ్చం బండి చక్రంలా చువ్వలు కట్టి కనిపిస్తుంది. కొండ మీంచి వంశధార చివరి వంపు చూడవచ్చు. ఎండ తగ్గాక కళింగపట్నం చేరుకోండి. మొగ దగ్గర మాత్రం నీళ్ళలో దించకండి, అక్కడ నదీ సముద్రమూ తోసుకుంటుంటాయి. దానికి దూరంగా, లైట్‌హౌస్ వైపు చదునైన ఒడ్డున ఆగండి. ఒక మడత కుర్చీ తీసుకెళ్ళండి. వెనక్కి వెళ్ళే కెరటం కాళ్ళ కింద ఇసుకను లాగేస్తుంది, గట్టివాళ్ళే తూలుతారు. కెరటం పలచబడి వచ్చే చోట కుర్చీ వేసి, వెనక ఒకరు పట్టుకుని నిలబడితే, అమ్మ కూర్చునే కాళ్ళు తడుపుకుంటుంది. ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉండనివ్వండి.

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసే నలుగురు స్నేహితులం. మాలో ఒకడిది బరంపురమే. గోపాల్‌పూర్ జనంతో నిండిపోతోందని వాడు అంటున్నాడు. ఎవరూ లేని బీచ్ ఒకటి చెప్పండి సార్. మాలో ఇద్దరికి ఈత బాగా వచ్చు.

జవాబు: బాబూ, ఎవరూ లేని ఒడ్డు అంటే మునిగితే లాగేవాళ్ళు కూడా ఎవరూ లేని ఒడ్డు. ముందు ఈ సంగతి నలుగురూ ఒప్పుకోండి, తర్వాత ఊళ్ళ పేర్లు మాట్లాడదాం.

ఈత వచ్చిందన్న ధైర్యం స్విమ్మింగ్ పూల్ ధైర్యం. గంజాం తీరంలో కెరటాలు బలంగా విరుగుతాయి. విరిగిన నీరంతా ఒడ్డుకు చేరుతుంది, మళ్ళీ సముద్రంలోకి పోవాలి. ఇసుక తిన్నెల మధ్య లోతైన సందు ఎక్కడుంటే అక్కడినుంచి ఒక్కసారిగా వెనక్కి దూసుకుపోతుంది. ఆ సందులో నీరు లోతుగా ఉంటుంది కాబట్టి కెరటాలు విరగవు. చూడ్డానికి పక్కలకంటే ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తుంది. కొత్తవాళ్ళు అదే మంచి చోటనుకుని అందులోకే దిగుతారు. చూస్తుండగానే ఒడ్డు దూరమైపోతుంది. టెన్షన్ పడి ఒడ్డు వైపే ఎదురీదితే ఎంత ఈతగాడైనా అలిసిపోతాడు. ఎప్పుడైనా అందులో చిక్కుకుంటే నీటితో పోట్లాడకండి. తేలుతూ ఉండండి, చెయ్యెత్తి పిలవండి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ లాగుడులోంచి బయటపడ్డాకే ఒడ్డు వైపు తిరగండి. ఒడ్డున ఉన్నవాళ్ళు కూడా దూకేయకూడదు. ఖాళీ నీళ్ళ డబ్బానో, తాడో, తేలేది ఏదైనా విసరాలి. ఒకడి కోసం ఇంకొకడు దూకి ఇద్దరూ పోయిన ఇళ్ళు మా జిల్లాలో ఉన్నాయి. ఆ తల్లులను చూసినవాణ్ణి కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. తాగి నీళ్ళలోకి వెళ్ళడం గురించి వేరే చెప్పను, మీ నలుగురికీ ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు ఉన్నారు.

ఇక ఊళ్ళు. ఛత్రపూర్ దగ్గర ఆర్యపల్లి ఒడ్డు ఉంది. ఆంధ్రా సరిహద్దుకు ఆనుకుని, ఇచ్ఛాపురం మీదుగా వచ్చే బాహుదా నది మొగ దగ్గర సోనాపూర్ ఉంది. రెండూ గోపాల్‌పూర్ కంటే చాలా నెమ్మదైనవి. అయితే ఆ నెమ్మది మీకోసం ఎవరో ఖాళీగా ఉంచింది కాదు. అక్కడి గంగపుత్రులు వేకువనే పని చేసుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు కాబట్టి మీకు ఒడ్డు ఖాళీగా కనిపిస్తుంది. వాళ్ళను ఒడియావాళ్ళు నోలియాలంటారు. చాలామంది ఇళ్ళలో మాట్లాడేది తెలుగే, మన శ్రీకాకుళం యాస వినిపిస్తుంది. "ఏ ఊరు బాబూ మీది?" అని వాళ్ళే పలకరిస్తారు.

తెల్లవారకముందే వెళ్ళగలిగితే అలివి వల లాగడం చూడవచ్చు. రెండు జట్లు రెండు తాళ్ళు పట్టుకుని, పాట పాడుతూ అంగుళం అంగుళం ఒడ్డుకు లాగుతారు. చెయ్యి వేస్తామంటే కాదనరు. ఫోటో తీసేముందు మాత్రం అడగండి. ఆరబెట్టిన వలల మీద నడవకండి, వలలో ఒక కన్ను తెగితే దాన్ని బాగు చేసుకునేది వాళ్ళే. ఒడ్డున చిన్న గంగమ్మ గుడి ఉంటే అది చిన్నదని చెప్పులతో వెళ్ళకండి. వేటకు వెళ్ళేముందు వాళ్ళు మొక్కే తల్లి ఆవిడ. సీసాలూ కవర్లూ బండిలోనే వెనక్కి తెచ్చుకోండి, అక్కడ చెత్త ఎత్తేవాళ్ళెవరూ ఉండరు.

గోపాల్‌పూర్‌ని కూడా పూర్తిగా వదిలేయకండి. 1871 నాటి లైట్‌హౌస్, పాత ఓడరేవు గుర్తులు ఉన్నాయి. ఒకప్పుడు మన గంజాం, శ్రీకాకుళం కూలీలు రంగూన్‌కు ఓడలెక్కింది ఈ తీరం నుంచే. ఒక సాయంత్రం దానికి ఇవ్వవచ్చు. అక్టోబర్‌లో వస్తే వాతావరణశాఖ హెచ్చరికలు చూసుకుని బయలుదేరండి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్, 2018 అక్టోబర్ 11న తిత్లీ ఈ చుట్టుపక్కలే తీరం దాటాయి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది.

ప్రశ్న: నమస్కారం సార్. బరంపురంలో ఉంటాం. పిల్లలకు తాబేళ్ళు చూపించాలి. శ్రీకూర్మం గుడిలో ఉన్నవీ, రుషికుల్య నది దగ్గర గుడ్లు పెట్టేవీ ఒకటేనా అని మా చిన్నవాడు అడుగుతున్నాడు.

జవాబు: మంచి ప్రశ్న అడిగాడు. ఒకటి కాదని చెప్పండి. శ్రీకూర్మం గుడిలో ఉన్నవి నక్షత్ర తాబేళ్ళు, నేల మీద బతికేవి. డిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా ఉంటాయి. ఆకులూ గడ్డీ తింటాయి, వాటికి ఈత రాదు. పుణ్యం వస్తుందని ఎవరైనా అలాంటిదాన్ని తెచ్చి నీళ్ళలో వదిలితే చచ్చిపోతుంది. ఇంట్లో పెంచడం చట్టరీత్యా నేరం కూడా. రుషికుల్యకు వచ్చేవి ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్ళు. వాటి కాళ్ళు తెడ్లలా ఉంటాయి. ఆడవి గుడ్లు పెట్టడానికి తప్ప ఒడ్డెక్కవు.

ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొన్ని రాత్రుల పాటు వేలకు వేలు, కొన్ని ఏళ్ళలో లక్షల్లో, రుషికుల్య మొగకు ఉత్తరాన పొడంపేట, గోఖర్‌కుదా, పురుణాబంధ ఊళ్ళ ఒడ్డుకు వస్తాయి. ఒక్కొక్కటీ వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతుంది. శాస్త్రవేత్తల దృష్టికి ఇది 1994లో వచ్చింది, ఆ ఊళ్ళవాళ్ళకు తాతల నాటి నుంచీ తెలుసు. కొన్ని ఏళ్ళు అలా గుంపుగా రానే రావు. కాబట్టి పిల్లలకు "ఖాయంగా చూపిస్తా" అని మాట ఇవ్వకండి. అటవీశాఖవాళ్ళని కనుక్కుని, వాళ్ళు ఎంతవరకు రానిస్తే అంతవరకే వెళ్ళండి.

పిల్లలున్న ఇంటికి నా సలహా వేరే. గుడ్లు పెట్టే రాత్రుల కంటే, నెలన్నర దాటాక తాబేలు పిల్లలు బయటికి వచ్చే రోజుల్లో వెళ్ళండి. అరచేతిలో పట్టేంత పిల్లలు ఇసుకలోంచి పైకి వచ్చి, వెలుతురు ఎటు ఎక్కువ ఉంటే అటు పాకుతాయి. చీకటి ఒడ్డున ఆ వెలుతురు సముద్రం మీదే ఉంటుంది కాబట్టి నీళ్ళ వైపు వెళ్తాయి. మన ఫోన్ లైటు వెలిగిస్తే మన వైపు వస్తాయి, లేదా రోడ్డు వైపు పోయి కుక్కల పాలవుతాయి. అందుకని ఫోన్లు జేబులోనే ఉండాలి, ఫ్లాష్ అసలే వద్దు. చేత్తో ఎత్తి నీళ్ళలో వేయాలని పిల్లలకు ఉబలాటంగా ఉంటుంది, అక్కడి కుర్రాళ్ళు చెయ్యమంటే తప్ప చెయ్యనివ్వకండి. ఆ ఊళ్ళ కుర్రాళ్ళు రాత్రుళ్ళు నిద్ర మానుకుని కాపలా ఉంటారు. తాబేళ్ళ కోసం నవంబర్ 1 నుంచి మే 31 దాకా ఈ మొగ చుట్టూ సముద్రంలో వేట నిషేధం ఉంటుంది, ఆ నష్టం భరించేది కూడా వాళ్ళ ఇళ్ళే. మీ పిల్లవాడికి తాబేలుతో పాటు ఆ మనుషుల గురించీ చెప్పండి.

ఆ రోజు పగలు ఖాళీగా ఉంచకుండా అదే రుషికుల్య మీద ఎగువకు వెళ్ళండి. పురుషోత్తమపూర్ దగ్గర తారాతారిణి కొండ ఉంది, 999 మెట్లు. రోప్‌వే కూడా ఉంది, పిల్లలకు అదే సంబరం. చైత్రమాసం మంగళవారాల్లో పుట్టు వెంట్రుకలు తీయించడానికి జనం విపరీతంగా వస్తారు, ఆ మంగళవారాలు తప్పించుకోండి. ఆ దగ్గరే జౌగడ. దాని గురించి కింద ఇంకో జవాబులో చెబుతాను. కొండ నుంచి మొగకు వచ్చేదారిలో హుమ్మా దగ్గర ఉప్పు మడులు కనిపిస్తే బండి ఆపి చూపించండి. ఉప్పు ప్యాకెట్లో పుడుతుందనుకునే పిల్లలు ఇప్పుడు ఎక్కువయ్యారు.

ప్రశ్న: అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకే రోజు ఎప్పుడు రావాలి? పర్లాకిమిడి నుంచి వస్తాం.

జవాబు: మార్చి 9, 10 తేదీల్లోనూ, అక్టోబర్ 1, 2 తేదీల్లోనూ జనం ఎదురుచూస్తారు. పొద్దున్నే కొద్ది నిమిషాలు మాత్రమే, మబ్బు ఉంటే అదీ లేదు. రద్దీ చాలా ఎక్కువ, కిరణం పడే క్షణంలో లోపల నిలబడే చోటు దొరికేది కొద్దిమందికే. మీకు ఆ రోజే కావాలంటే వెళ్ళండి, స్వామిని తీరిగ్గా చూడాలంటే మామూలు రోజు మేలు. సూర్యుడి మీద అంత ఇష్టమే ఉంటే గంజాం జిల్లా బుగుడలోని బిరంచినారాయణ గుడికి కూడా రండి. అక్కడ సూర్యభగవానుడి మూర్తి చెక్కది. 18వ శతాబ్దం చివర కట్టిన ఆ గుడి గోడల నిండా రామాయణ చిత్రాలున్నాయి. మన జిల్లాలో ఇంత గొప్ప గోడ బొమ్మలున్నాయని బరంపురంలోనే చాలామందికి తెలియదు, నాకది బాధగా ఉంటుంది. రంగులు పెళుసుగా ఉన్నాయి, గోడలను తాకకండి.

ప్రశ్న: నేనూ, నాతో చదివిన ముస్లిం స్నేహితురాలూ కలిసి నాలుగు రోజులు తిరగాలనుకుంటున్నాం. ఆమెకు చరిత్ర అంటే ప్రాణం. గుడి గుమ్మం దగ్గర ఆమెను ఆపితే నేను తట్టుకోలేను. ఎక్కడికి తీసుకెళ్ళమంటారు? (రాయగడ నుంచి)

జవాబు: అమ్మా, నీ మనసు నాకు అర్థమైంది. నిజం దాచకుండా చెబుతాను. పూరీ జగన్నాథుడి గుడిలోకి హిందువులు కానివారిని రానివ్వరు, సింహద్వారం దగ్గరే బోర్డు ఉంటుంది. ద్వారం బయట నుంచే కనిపించేలా పతితపావనుడి మూర్తి ఉంది. కానీ ఆమెను బయట నిలబెట్టి నువ్వొక్కదానివే లోపలికి వెళ్ళే ప్రయాణం పెట్టుకోవద్దు. పూరీకి ఇంకోసారి మీ ఇంటివాళ్ళతో వెళ్ళు.

మిగతా గుళ్ళకు ఒక రోజు ముందే ఫోన్ చేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పి అడుగు. అడిగి వెళ్ళడంలో చిన్నతనం లేదు. లోపలి దర్శనం లేదన్నా, ముఖలింగంలో బయటి చెక్కడాలకే ఒక పూట పడుతుంది, చరిత్ర ఇష్టమున్న మనిషికి అదే పండగ. శ్రీకూర్మం వెళ్తే స్తంభాల మీది శాసనాలు చూడాలి, ఎక్కువ తెలుగులోనే ఉన్నాయి. ఒడిశా నుంచి ఏలిన గాంగరాజుల కాలం రాతలు కూడా వాటిలో ఉన్నాయి. 1936లో ఒడిశా వేరుపడినప్పుడు గీసిన రాష్ట్రాల గీత ఆ రాళ్ళకు తెలియదు.

ఎవరి అనుమతీ అక్కర్లేని చోట్లు మూడు చెబుతాను. శాలిహుండం ఒకటి. కళింగపట్నం రెండోది. అక్కడ పాత దర్గా కూడా ఉంది, ఆమె నిన్ను లోపలికి తీసుకెళ్తుంది. మూడోది జౌగడ, ముందే తీసుకెళ్ళవలసింది అదే. రుషికుల్య ఒడ్డున పొలాల మధ్య ఒక బండ మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. కళింగ యుద్ధం గురించి ఆయన పశ్చాత్తాపం చెప్పుకున్న 13వ శాసనం మిగతా దేశంలో చెక్కించాడు కానీ, భువనేశ్వర్ దగ్గరి ధౌలిలోనూ జౌగడలోనూ చెక్కించలేదు. గాయపడ్డవాళ్ళ ముందు ఆ లెక్కలు చదవడం ఎందుకనుకున్నాడేమో అని నా ఊహ. దాని బదులు ఇక్కడి అధికారుల కోసం వేరే శాసనాలు రాయించాడు. మనుషులందరూ నా బిడ్డలు అని అందులో ఉంది. కారణం లేకుండా ఎవరినీ బంధించవద్దని, హింసించవద్దని అధికారులకు చెప్పాడు. బ్రాహ్మీ అక్షరాలు మసకబారాయి, పొద్దుటి పూటో సాయంత్రమో వెళ్తే కొంచెం తేటగా కనిపిస్తాయి. అక్కడ తిండి దొరకదు, పురుషోత్తమపూర్‌లో తినేసి, నీళ్ళు పట్టుకుని వెళ్ళండి. రైలుకు బరంపురంలో దిగితే అక్కడి నుంచి ఆటో కంటే కారు మాట్లాడుకోవడం మేలు. తిరిగి వచ్చేటప్పటికి చీకటి పడుతుంది, ఇద్దరూ ఆడపిల్లలు కాబట్టి డ్రైవర్ నంబరు ఇంట్లో ఇచ్చి బయలుదేరండి.